60 ప్లాస్మా శాంపిళ్లు, ఒక మోడల్: టీఎంటీనా, డీఐఏనా, ఏది మేలు?

ప్రొటియోమిక్స్ (శాంపిల్‌లోని ప్రొటీన్లను మూకుమ్మడిగా కొలిచే శాస్త్రం), బయోమెడికల్ డేటా మైనింగ్ మీద సెమినార్ ఎక్కడ జరిగినా, ప్రశ్నల సమయం రాగానే ఎవరో ఒకరు లేచి అడిగేది ఇదే: "రోగులవి ముప్పై, ఆరోగ్యవంతులవి ముప్పై ప్లాస్మా శాంపిళ్లు ఉన్నాయి. టీఎంటీ చేయించాలా, డీఐఏనా, మామూలు లేబుల్-ఫ్రీ డీడీఏ సరిపోతుందా?" వేదిక మీంచి వచ్చే జవాబూ ప్రతిసారీ ఒకటే: "మీ అవసరాన్ని బట్టి." అవసరమేంటో అడిగినవాళ్లు చెప్పనే చెప్పారు కదా! మూడూ మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంతో ప్రొటీన్లను కొలిచే పద్ధతులే: టీఎంటీలో శాంపిళ్లకు రసాయన లేబుళ్లు అంటించి కలిపి కొలుస్తారు, డీడీఏలో ఏ పెప్టైడ్లను (ప్రొటీన్ ముక్కల్ని) చూడాలో యంత్రమే ఎంచుకుంటుంది, డీఐఏలో అన్నిటినీ వరసగా చూస్తుంది. ఆ కొలతలతో రోగిని గుర్తుపట్టే మోడల్ కట్టడమే లక్ష్యం.

స్లైడ్ల మీద పోటీ అంతా ఎన్ని ప్రొటీన్లు దొరికాయన్నదాని మీదే నడుస్తుంది. డేటా మైనింగ్ చేసేవాళ్లకు ఆ అంకెతో పని తక్కువ. వాళ్ల చేతికి వచ్చేది ఒక పట్టిక: ఒక్కో వరుసకు ఒక ప్రొటీన్, ఒక్కో నిలువు గడికి ఒక శాంపిల్. అందులో ఖాళీలు ఎక్కడ పడ్డాయి, ఎందుకు పడ్డాయి అన్నదే నా లెక్కలో ఎంపికను తేల్చేది.

డీడీఏ సంగతి ముందు ముగిద్దాం. యంత్రం ఆ క్షణానికి బలంగా కనిపించిన పది, ఇరవై పెప్టైడ్లనే పట్టుకుని విరగ్గొడుతుంది. అదే శాంపిల్‌ని మళ్లీ ఎక్కిస్తే ఎంపిక కొంత మారిపోతుంది. మాక్స్‌క్వాంట్ సాఫ్ట్‌వేర్‌లో మ్యాచ్ బిట్వీన్ రన్స్ (ఒక రన్‌లో దొరికినదాన్ని ఇంకో రన్‌లో వెతకడం) పెడితే కొన్ని ఖాళీలు పూడతాయి, మిగిలినవి ప్రొటీన్ గ్రూప్స్ ఫైల్లో సున్నాలుగా కనిపిస్తాయి. ఆ సున్నాకు అర్థం ప్రొటీన్ లేదని కాదు, యంత్రం చూడలేదని. వాటిని పెర్సియస్ అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో డిఫాల్ట్‌గా ఉండే 1.8 డౌన్‌షిఫ్ట్, 0.3 విడ్త్‌తో, అంటే కొలిచినవాటికన్నా బాగా కింద ఉండే కల్పిత అంకెలతో, నింపేయడం అలవాటు. మూడేసి రెప్లికేట్లతో చేసే పుల్‌డౌన్‌కి (ఒక ప్రొటీన్‌ని పట్టి, దానికి అంటుకున్నవాటిని లాగే ప్రయోగం) అది చెల్లుతుంది, అక్కడ కంట్రోల్లో ప్రొటీన్ నిజంగానే ఉండదు కాబట్టి. 60 ప్లాస్మాలకు అలా చేస్తే రాండమ్ ఫారెస్ట్ (ఒక రకం మెషిన్ లెర్నింగ్ మోడల్) నేర్చుకునేది మనం కల్పించి పెట్టిన అంకెల్ని. ఈ పనికి డీడీఏ వద్దు.

ఇక అసలు పోటీ మిగతా రెంటి మధ్యే.

శాంపిళ్లన్నీ ఒకే ప్లెక్స్‌లో (లేబుళ్లు వేసి కలిపిన ఒక గుంపు) పట్టేంత వరకు టీఎంటీకి సాటి లేదు. పదహారో, పద్దెనిమిదో శాంపిళ్లు ఒకే గొట్టంలో కలిసి, ఒకేసారి యంత్రంలోకి వెళ్తాయి. ఒక పెప్టైడ్ ఒక ఛానెల్‌లో (ఒక లేబుల్, అంటే ఒక శాంపిల్) కనిపించిందంటే దాదాపు అన్నిట్లోనూ అంకె వస్తుంది. సెల్ లైన్‌కి మందు వేసి గంటగంటకూ తీసిన శాంపిళ్లు, తక్కువ పదార్థంతో చేయాల్సిన ఫాస్ఫోప్రొటియోమిక్స్ (ఫాస్ఫేట్ అంటిన ప్రొటీన్లను కొలవడం), ఇలాంటి పనులకు టీఎంటీనే తీసుకోండి, ఆలోచించక్కర్లేదు.

కాకపోతే లేబులింగ్ దగ్గర చెయ్యి జారితే మొత్తం పోతుంది. టీఎంటీ ప్రైమరీ అమైన్‌ని పట్టుకునే రసాయనం. బఫర్‌లో ట్రిస్ గానీ అమ్మోనియం బైకార్బనేట్ గానీ మిగిలితే పెప్టైడ్‌ని వదిలి వాటికే అంటుకుంటుంది. అందుకే ప్రైమరీ అమైన్ లేని బఫర్లు వాడాలి: 100 మిల్లీమోలార్ టీఈఏబీ, లేదా హెపీస్, పీహెచ్ 8.5 దగ్గర. తేమ తగిలితే రియేజెంట్ పాడవుతుంది, కాబట్టి చల్లటి గొట్టం గది ఉష్ణోగ్రతకు వచ్చాకే మూత తీయాలి, నీరు లేని అసిటోనైట్రైల్‌లోనే కరిగించాలి. గంట సేపు ఉంచాక, హైడ్రాక్సిలమైన్ వేసి ఆపేయక ముందే, ఒక్కో ఛానెల్ నుంచి ఒక మైక్రోలీటర్ తీసి కలిపి చిన్న రన్ చేయండి. ఫలితం వచ్చేదాకా మిగతాది మైనస్ 80లో ఉండాలి. ఆ రన్ డేటాలో పెప్టైడ్లను వెతికే సెర్చ్‌లో టీఎంటీని లైసిన్ మీద, ఎన్-టెర్మినస్ మీద వేరియబుల్ మాడిఫికేషన్‌గా (ఉండొచ్చు, ఉండకపోవచ్చు అనే మార్పుగా) పెట్టాలి. ఫిక్స్‌డ్‌గా పెడితే లేబుల్ అంటని పెప్టైడ్లు అసలు కనిపించవు, నూటికి నూరు అంటిందని మురిసిపోతాం. 95 శాతం కన్నా తక్కువ వస్తే ఇంకాస్త రియేజెంట్ వేసే అవకాశం అప్పుడే ఉంటుంది. ఆపేశాక ఉండదు.

రేషియో కంప్రెషన్ (తేడాలు నిజం కన్నా చిన్నవిగా కనిపించడం) గురించి సెమినార్లలో భయపెట్టినంత భయం అక్కర్లేదు. ఒక పెప్టైడ్ కోసం యంత్రం తెరిచే ఐసోలేషన్ విండోలో పక్కనున్న పెప్టైడ్లు కూడా దూరడం వల్ల నాలుగు రెట్ల తేడా రెండు రెట్లుగా కనిపించవచ్చు. ముక్కల్ని మరోసారి విరగ్గొట్టి కొలిచే ఎస్పీఎస్-ఎంఎస్3 ఉన్న ఆర్బిట్రాప్ ట్రైబ్రిడ్ యంత్రం మీద చేస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. తేడాలు నొక్కుకుపోయినా శాంపిళ్ల వరుస క్రమం చాలావరకు నిలుస్తుంది, కాబట్టి వర్గీకరణకు పెద్ద నష్టం లేదు. పేపర్లో ఫోల్డ్ చేంజ్ (ఎన్ని రెట్ల తేడా) రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త.

నా అభ్యంతరం అక్కడ కాదు, ప్లెక్సుల మధ్య. 60 శాంపిళ్లు, 16-ప్లెక్స్ కిట్. అన్నిట్లోంచి కొంచెం కొంచెం కలిపిన రిఫరెన్స్‌కు ఒక ఛానెల్ పోతే, ప్లెక్స్‌కి 15 చొప్పున నాలుగు ప్లెక్సులు. ప్లెక్స్ లోపల ఖాళీలు ఉండవు, సరే. కానీ ఏ ప్లెక్స్‌కి ఆ ప్లెక్స్ మళ్లీ డీడీఏ లాటరీయే. మూడో ప్లెక్స్‌లో ఒక ప్రొటీన్ తగల్లేదంటే పదిహేను శాంపిళ్లకూ ఒకేసారి ఖాళీ. ఒక్కో ప్లెక్స్‌లో 80 శాతం ప్రొటీన్లు దొరుకుతాయని, ఒకదానితో ఇంకోదానికి సంబంధం లేదని అనుకుంటే, నాలుగింట్లోనూ దొరికేవి 0.8ని నాలుగుసార్లు గుణించినన్ని, అంటే 41 శాతం. వాస్తవం ఇంత ఘోరంగా ఉండదు, సమృద్ధిగా ఉండే ప్రొటీన్లు నాలుగింట్లోనూ దొరుకుతాయి. జారిపోయేవి తక్కువ మోతాదులో ఉండేవి, బయోమార్కర్ (రోగాన్ని పట్టించే ప్రొటీన్) కోసం మనం వెతికేది మాత్రం ఎక్కువగా వాటిలోనే. ఇప్పుడు కేఎన్‌ఎన్‌తో (పోలిక ఉన్న పొరుగువాటి అంకెలు తీసుకునే పద్ధతి) ఖాళీలు నింపండి: పదిహేను శాంపిళ్లకీ పక్క ప్లెక్సుల నుంచి అరువు తెచ్చిన, ఒకదాన్నొకటి పోలిన అంకెలు పడతాయి. మోడల్ రోగాన్ని కాదు, ప్లెక్స్ నంబర్ని నేర్చుకుంటుంది.

"టీఎంటీతో యంత్రం సమయం కలిసొస్తుంది కదా" అంటారు. లెక్క వేద్దాం. నాలుగు ప్లెక్సులు, ఒక్కోదాన్ని హై-పీహెచ్ మీద 12 ఫ్రాక్షన్లు (విడి భాగాలు) చేస్తే 48 రన్లు. 90 నిమిషాల గ్రేడియంట్‌కి (పెప్టైడ్లను కాలమ్ మీద విడదీసే సమయం) లోడింగ్, వాష్ మరో 20 నిమిషాలు కలిపితే 88 గంటలు. డీఐఏలో 60 శాంపిళ్లు, పదికొకటి చొప్పున ఆరు క్యూసీ (నాణ్యత పరీక్ష) రన్లు, 66 రన్లు. 60 నిమిషాల గ్రేడియంట్‌కి అదే 20 కలిపితే ఎంత? 88 గంటలే! ఫ్రాక్షన్ల వల్ల టీఎంటీలో లోతు ఎక్కువ వస్తుంది, నిజమే. సమయం మాత్రం కలిసిరాదు.

డీఐఏలో ఎంపిక లాటరీ లేదు. 2012లో స్వాత్ పేరుతో వచ్చిన తొలి రూపంలోనే 400 నుంచి 1200 ఎం/జెడ్ (ద్రవ్యరాశిని ఆవేశంతో భాగించిన కొలత) దాకా 25 డాల్టన్ల చొప్పున 32 విండోలు వరసగా, అన్ని శాంపిళ్లలో ఒకేలా తిరిగాయి. ఖాళీ వస్తే సాధారణంగా ఆ శాంపిల్‌లో సిగ్నల్ గుర్తించే హద్దు కిందికి పడిపోయిందనే. అది అర్థమున్న ఖాళీ, ఒక్కో గడిలో విడిగా పడే ఖాళీ. అలాంటిదాన్ని తక్కువ అంకెతో నింపితే అబద్ధం కాదు. నా మొగ్గు ఇటే, కారణం ఇదొక్కటే.

అలాగని డీఐఏ అమాయకురాలు కాదు. 32 విండోలు, ఒక్కోదానికి 100 మిల్లీసెకన్లంటే సైకిల్ 3.2 సెకన్లు. 25 సెకన్ల పీక్ (కాలమ్ నుంచి పెప్టైడ్ బయటికొచ్చేటప్పటి సిగ్నల్) మీద ఏడెనిమిది బిందువులు పడతాయి, చాలు. త్వరగా అయిపోవాలని గ్రేడియంట్ కుదించి పీక్ 8 సెకన్లకు తగ్గితే రెండు మూడే పడతాయి. గుర్తింపులు పెద్దగా తగ్గకపోవచ్చు, కొలత మాత్రం చెడుతుంది, పైకి తెలియదు కూడా. రెండోది ఎఫ్‌డీఆర్ (తప్పుడు గుర్తింపుల శాతం): రన్ స్థాయిలో 1 శాతమే కదా అని వదిలేస్తే 66 రన్లలో తప్పుడు ప్రొటీన్లు పోగవుతాయి, డీఐఏ-ఎన్‌ఎన్ సాఫ్ట్‌వేర్ రిపోర్టులో గ్లోబల్ ప్రొటీన్ క్యూ-వాల్యూ (అన్ని రన్లకూ కలిపి వేసే అదే తప్పుల లెక్క) కూడా 0.01 దగ్గర కోయాలి. మూడోది, మధ్యలో కాలమ్ మార్చారంటే అక్కడ ఒక బ్యాచ్ (ఒకే పరిస్థితుల్లో కొలిచిన గుంపు) పుట్టినట్టే. ఎన్నో రన్ దగ్గర మార్చారో రాయించుకోండి. ఫాస్టాలో (సెర్చ్‌కి ఇచ్చే ప్రొటీన్ల జాబితా ఫైలు) కెరాటిన్, ట్రిప్సిన్ లాంటి కంటామినెంట్లు చేర్చడం మరిచిపోతే వాటి పెప్టైడ్లు వేరే ప్రొటీన్ల ఖాతాలో పడే ప్రమాదం ఉంది.

ఏ పద్ధతైనా శాంపిళ్ల క్రమాన్ని కలగలపకపోతే మునిగిపోతాం. 2002లో లాన్సెట్‌లో వచ్చిన సెల్డీ (ఇదీ ఒక మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతే) పేపర్ సీరంలోని ప్రొటీన్ నమూనాలతో అండాశయ కేన్సర్ పట్టేశామంది: కేన్సర్ ఉన్న 50 శాంపిళ్లనూ, లేని 66లో 63నూ సరిగ్గా చెప్పింది. ఆ బృందం బహిరంగంగా పెట్టిన డేటాను బాగర్లీ, కూంబ్స్ లాంటి గణాంకవేత్తలు తిరగేస్తే, ప్రొటీన్ల సమాచారం ఉండని, శబ్దమే (నాయిస్) ఉండే తక్కువ ఎం/జెడ్ భాగంతోనే రెండు గుంపులూ విడిపోతున్నాయని తేలింది. తేడా రక్తంలోది కాదు, కొలతలోది. అందుకే ప్రతి ప్లెక్స్‌లో రోగులూ ఆరోగ్యవంతులూ దాదాపు సగం సగం ఉండాలి. డీఐఏ క్యూలో వరసగా ముప్పై మంది రోగులు ఉండకూడదు.

మిగతావి రెండు ముక్కల్లో. సైలాక్ (కణాలు పెరిగేటప్పుడే లేబుల్ ఎక్కించే పద్ధతి) కల్చర్లో పెరిగే కణాలకు, రోగి ప్లాస్మాకు పనికిరాదు. టీఎంటీ లాంటిదే అయిన ఐట్రాక్ ఎనిమిది శాంపిళ్ల దగ్గరే ఆగిపోయింది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు దానితో పనిలేదు. ముందే ఎంచిన ప్రొటీన్ల ప్యానెల్‌నే కొలిచే ఓలింక్, సోమాస్కాన్ తక్కువ మోతాదు ప్లాస్మా ప్రొటీన్లకు గట్టివే (యూకే బయోబ్యాంక్‌లో 54 వేల మందికి ఓలింక్‌తోనే కొలిచారు), కానీ ప్యానెల్లో లేని ప్రొటీన్ కనపడదు, డబ్బూ గట్టిగానే అవుతుంది.

ఇప్పటికే టీఎంటీ చేయించేసినవాళ్లు చేయగలిగిందీ ఉంది. ముందు ఒక్కో ప్లెక్స్‌ని దాని రిఫరెన్స్ ఛానెల్‌తో భాగించి లాగ్2 తీయండి. నాలుగు ప్లెక్సుల్లోనూ ఉన్న ప్రొటీన్లతోనే మోడల్ కట్టండి. క్రాస్ వాలిడేషన్‌లో (కొంత డేటా దాచి, దాని మీద మోడల్‌ని పరీక్షించడం) శాంపిళ్లను యాదృచ్ఛికంగా కాక, ఒక ప్లెక్స్ మొత్తాన్ని బయట పెట్టి మిగతా మూడింటితో నేర్పండి. ప్రొటీన్ల ఎంపిక, ఖాళీలు నింపడం రెండూ ఆ మూడింటి లోపలే జరగాలి. అరవైనీ చూసి టాప్ 20 ఎంచుకుని ఆ తర్వాత వాలిడేషన్ చేస్తే ఏయూసీ (1 వస్తే తప్పే లేని వర్గీకరణ) 0.95 రావడంలో వింతేం లేదు.

చివరగా, టీఎంటీ అయినా డీఐఏ అయినా, రోగి అన్న లేబుల్ తీసేసి దాని స్థానంలో ప్లెక్స్ నంబరో, రన్ తేదీయో పెట్టి అదే మోడల్‌ని నడిపి చూడండి. అది తేదీని సునాయాసంగా చెప్పేస్తుంటే, బ్యాచ్ సంగతి తేలేదాకా బయోమార్కర్ల జాబితా తెరవొద్దు.