రీబిల్డ్ తర్వాత 5,200 గంటలు: 20 టన్నుల పొక్లెయిన్ మీద డీలర్ వర్క్‌షాప్ పని ఎంతవరకు నిలబడింది

చైన్ మీద నడిచే 20 టన్నుల క్లాసు మెషీన్ ఇది. పని ఎక్కువగా రాతి క్వారీలో, మిగతాది కాలువ తవ్వకం. అవర్ మీటర్ 11,800 దగ్గర ఉన్నప్పుడు డీలర్ వర్క్‌షాప్‌లో విప్పి, ఇంజిన్, పంపు, కంట్రోల్ వాల్వు, నాలుగు హైడ్రాలిక్ సిలిండర్లు, చైన్‌ని తిప్పే గేర్‌బాక్సులైన రెండు ఫైనల్ డ్రైవులు, చైన్ సెట్టు, బకెట్ వైపు పిన్నులూ, అవి తిరిగే బుష్‌లూ అన్నీ చేయించాం. ఇప్పుడు మీటర్ 17,000 చూపిస్తోంది. కొలిచి చేసిన పనులు ఒక్కటీ తిరిగి రాలేదు. తిరిగొచ్చినవన్నీ కడగడంలోనో, బిగించడంలోనో, పెయింటు కొట్టడంలోనో తొందరపడ్డ పనులే.

ముందుగా మెచ్చుకోవాల్సింది విప్పకముందు తీసిన రీడింగులు. హైడ్రాలిక్ ఆయిల్ 50 డిగ్రీలకు వచ్చాకే టెస్టు మొదలుపెట్టారు. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి లోపలి లీకేజీని దాచేస్తుంది. బూమ్ కింది నుంచి పూర్తిగా లేవడానికి 5 సెకన్లు దాటింది. ఒక్కో చైన్‌ని నేల నుంచి లేపి తిప్పితే 3 చుట్లకు కుడివైపు 28 సెకన్లు, ఎడమవైపు 36. అయినా రిలీఫ్ ప్రెషర్ (సిస్టమ్‌లో రాగల గరిష్ఠ ప్రెషర్) 345 బార్, అంటే దాదాపు ఉండాల్సినంతా ఉంది. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. గేజీలో ప్రెషర్ వచ్చింది కాబట్టి పంపు బాగుందనుకుంటారు. అరిగిన పంపు కూడా లివర్ చివరిదాకా లాగి పట్టుకుంటే ప్రెషర్ చూపిస్తుంది. పడిపోయేది ఫ్లో, అంటే నిమిషానికి పంపే ఆయిల్. ఎడమ చైన్ నెమ్మదికి కారణం పంపా, చైన్‌ని నడిపే ట్రావెల్ మోటారా అని తేల్చడానికి, జోడు పంపులోని రెండు పంపుల డెలివరీ హోస్‌లు మార్చి బిగించారు. నెమ్మది కుడివైపుకి మారింది, కాబట్టి తప్పు పంపుది. అరగంటలో తేలే ఈ పరీక్ష చేయకుండా ట్రావెల్ మోటారు విప్పేసే మెకానిక్కులు ఎక్కువ.

పంపులో పిస్టన్‌కీ, దాని చివర జారే షూకీ మధ్య ఆట (వదులు) 0.3 మి.మీ. దాటింది. ఈ క్లాసులో విరివిగా కనిపించే కె3వి112 తరహా పంపుకి అదే హద్దు. వాల్వ్ ప్లేటు మీద గోరు తగిలేంత గీతలు. రోటరీ గ్రూపు (లోపల తిరిగే పిస్టన్ల సెట్టు) రెండువైపులా కొత్తది వేశారు, ఫ్లోని తగ్గించి పెంచే రెగ్యులేటర్లు టెస్ట్ బెంచి మీద సెట్ చేశారు. స్టార్ట్ చేసేముందు డ్రెయిన్ పోర్టు నుంచి కేసు నిండా కొత్త ఆయిల్ పోశారు. ఈ ఒక్క పని మరిస్తే కొత్త పంపు మొదటి నిమిషంలోనే షూలు గీసుకుని పాతదైపోతుంది. తర్వాత లివర్లు ముట్టుకోకుండా పది నిమిషాలు లో ఐడిల్, అంటే ఇంజిన్ కనిష్ఠ స్పీడు.

ఇంత చేసి ఆయిల్ కూలర్ దగ్గర తప్పు చేశారు. పాత పంపు రాల్చిన ఇత్తడి తురుము కూలర్ సన్నని గొట్టాల్లో ఇరుక్కుంటుంది. డీజిల్ పోసి గాలి కొడితే కదలదు. వేడెక్కి, చల్లారి, మెషీన్ అదిరినప్పుడు కొద్దికొద్దిగా బయటికొస్తుంది. రీబిల్డ్ తర్వాత 620 గంటలకు రిటర్న్ ఫిల్టర్ కోసి మడతలు విప్పితే పసుపు మెరుపు. తురుము ఫిల్టర్‌లో ఆగుతుందిగా అనుకోవద్దు. చలి ఉదయం ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు ఫిల్టర్ బైపాస్ వాల్వు తెరుచుకుంటుంది, తురుము ట్యాంకులోకి పోతుంది, సక్షన్ జాలీకి అంత సన్నటిది ఆగదు. అలా ఒక రెగ్యులేటర్ లోపల జారే స్పూల్ పట్టేసింది. లోడ్ పడగానే ఇంజిన్ కుంగిపోవడం దాని లక్షణం. కొత్త కూలర్ వేసి, ట్యాంకు లోపల చేత్తో తుడిచి, ఆయిల్‌ని బయటి ఫిల్టర్ యూనిట్‌తో ఆయిల్ శుభ్రతని కొలిచే ఐఎస్ఓ 4406 కోడ్ ప్రకారం 18/16/13 వచ్చేదాకా తిప్పాక మళ్లీ ఆ గొడవ లేదు. పంపు పగిలిన మెషీన్‌కి కూలర్‌ని కడిగి వాడతామని ఏ వర్క్‌షాప్ అన్నా ఒప్పుకోవద్దు. కూలర్‌తోపాటు ఎస్టిమేట్‌లో ట్యాంకు శుభ్రం, హోస్‌ల ఫ్లషింగ్ విడిగా రాసి ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి.

సిలిండర్లు బాగా చేశారు. రాడ్లని వీ-బ్లాకుల మీద తిప్పి డయల్ గేజీతో వంపు చూశారు. ఆర్మ్ రాడ్‌కి కొత్త క్రోమ్ అవసరమైంది. పిస్టన్ మీది టెఫ్లాన్ రింగుని వేడి ఆయిల్‌లో సాగదీసి ఎక్కించి, స్లీవ్‌తో నొక్కి మళ్లీ సైజుకి తెచ్చాకే బ్యారెల్‌లోకి పంపారు. సాగిన రింగుని అలాగే తోస్తే అంచు తెగిపోతుంది, బయటికి లీకేజీ కనిపించదు, బూమ్ మాత్రం జారుతూనే ఉంటుంది. పిస్టన్ నట్టుని పైపు పెట్టి లాగి కాకుండా టార్క్ బెంచి మీద బిగించారు. 5,200 గంటల తర్వాత బకెట్ సిలిండర్‌లో రాడ్ మీది దుమ్ము తుడిచే వైపర్ సీల్ ఒక్కటే మార్చాల్సొచ్చింది. అదీ వాళ్ల పెయింటు పుణ్యమే. రాడ్‌కి కాగితం చుట్టకుండా కొట్టిన పెయింటు గట్టిపడి వైపర్ పెదవిని కోసింది.

ఫైనల్ డ్రైవ్‌లో ఎడమవైపు ఫ్లోటింగ్ సీల్ (రబ్బరు రింగుల మీద కూర్చున్న రెండు ఇనుప రింగుల సీల్) 1,100 గంటలకే కారింది. విప్పితే ఇనుప రింగుల ముఖాలు అద్దంలా ఉన్నాయి, రబ్బరు రింగు మాత్రం ఒకచోట మెలితిరిగి ఉంది. రబ్బరుకీ, అది కూర్చునే గాడికీ నూనె తగలకూడదు. పొడిగా, నూలు పోగు కూడా లేకుండా ఉండాలి. ఆయిల్ పెట్టాల్సింది మెరిసే ముఖాలకే, అదీ పలచని పొర. రబ్బరుకి ఆయిల్ రాస్తే సులువుగా ఎక్కుతుంది, తిరిగేటప్పుడు అంతే సులువుగా జారి మెలిపడుతుంది. ఎక్కించాక నాలుగుచోట్ల ఎత్తు కొలిస్తే ఈ తప్పు బిగించకముందే దొరికేది. వారంటీలో చేసిచ్చారు, కానీ ఈలోపు బురద లోపలికి పోయి ఒక బేరింగ్ పోయింది.

ఆర్మ్ చివర బకెట్ పిన్ను రంధ్రం 2 మి.మీ. కోడిగుడ్డు ఆకారానికి అరిగింది. వెల్డింగ్‌తో నింపి, రెండు చెవుల్లోంచి ఒకే బార్ పోనిచ్చి లైన్ బోరింగ్ చేశారు. ఎర్త్ క్లాంపుని వెల్డింగ్ పక్కనే పెట్టడం, బ్యాటరీతోపాటు ఇంజిన్ కంట్రోలర్ కనెక్టర్లు తీసేయడం చూశాక ధైర్యం వచ్చింది. క్లాంపు ఎక్కడో ట్రాక్ ఫ్రేమ్‌కి పెడితే కరెంటు, మెషీన్ పైభాగం తిరిగే స్లూయింగ్ బేరింగ్ గుండా పోయి బాల్స్‌కి మచ్చలు పడతాయి. బుష్‌లని ద్రవ నైట్రోజన్‌లో ముంచి చేత్తో జారవిడిచారు. సుత్తి దెబ్బలతో దింపితే గట్టి అంచు చిట్లుతుంది, గ్రీజు రంధ్రం తప్పిపోయినా తెలియదు. ఇప్పుడు ఆ పిన్నులో ఆట 0.8 మి.మీ. క్వారీ పనికి చాలా తక్కువ.

ఇంజిన్ గురించి పెద్దగా రాయాల్సింది లేదు, అదే దాని గొప్ప. లైనర్ల (పిస్టన్ కదిలే గొట్టాల) బయటివైపు గుంటలు పడ్డాయి. కూలెంట్ అడిటివ్ పట్టించుకోనందుకు అది మా తప్పే. కొత్త లైనర్లు బ్లాకు పైకి ఎంత లేచాయో ఒక్కోటీ నాలుగుచోట్ల కొలిచి రాసిచ్చారు. ఇంజెక్టర్ల మీది ట్రిమ్ కోడ్లు (ఒక్కో ఇంజెక్టర్‌కి సరిపడే సర్దుబాటు కోడ్లు) కంట్రోలర్‌లో ఎక్కించారు. అవి ఎక్కించకపోతే పొగ, ఐడిల్‌లో వణుకు ఉంటాయి. మొదటి 250 గంటల ఆయిల్ శాంపిల్‌లో సిలికాన్ ఎక్కువ వచ్చింది. కంగారు అక్కర్లేదు. అల్యూమినియం, ఐరన్ పెరగకుండా సిలికాన్ ఒక్కటే పెరిగితే అది కొత్త సీలెంట్ నుంచి కరిగినది. మూడూ కలిసి పెరిగితే మాత్రం ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోదాకా ప్రతి క్లాంపు చూడాలి, దుమ్ము లోపలికి పోతోందన్నమాట.

చైన్‌తోపాటు స్ప్రాకెట్లు కూడా కొత్తవే వేశారు. పాత స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేస్తే పిచ్ (పళ్ల మధ్య దూరం) కలవక బుష్‌లు గబగబా అరిగిపోతాయి. చైన్ షూల (నేలకి తగిలే పలకల) బోల్టులు టార్క్‌కి బిగించి, ఆపైన 120 డిగ్రీలు తిప్పారు. ఒక్కటీ వదులు కాలేదు.

వైరింగ్ మాత్రం ముట్టుకోలేదు. 11,800 గంటల పాత హార్నెస్‌ని (వైర్ల కట్టని) ఒత్తిడి నీళ్లతో కడిగి, దాని మీదే పెయింటు కొట్టారు. 3,000 గంటల తర్వాత పంపు ప్రెషర్ సెన్సార్ ఎర్రర్ వస్తూ పోతూ రెండు నెలలు తిప్పలు పెట్టింది. సెన్సార్ రెండుసార్లు మార్చాం. చివరికి చూస్తే క్యాబ్ వెనక కనెక్టర్‌లో పచ్చటి చిలుము పట్టిన పిన్ను ఒకటి.