హ్యూ సీలింగ్ లైట్: సగం పని పైకి బిగించే ముందే

ఫోన్ ఆప్‌తో నడిపే ఫిలిప్స్ హ్యూ వైట్ యాంబియన్స్ సీలింగ్ లైట్ల వెలుతురుకు వంక పెట్టడం కష్టం. 2200 కెల్విన్ పసుపు వెలుగు నుంచి 6500 కెల్విన్ పగటి తెలుపు దాకా ఎక్కడైనా ఆపుకోవచ్చు, తగ్గించినప్పుడు మిణుకు ఉండదు. ఎరుపు, నీలం లాంటి రంగులు మాత్రం రావు, వాటికి వేరే రకం కొనాలి. ఇబ్బంది పెట్టేదల్లా కనెక్షనే. అందులో ఎక్కువ భాగం లైటు సీలింగుకు ఎక్కకముందే తప్పించుకోవచ్చు.

లైటు కింద ఉండగానే దాని లేబుల్ మీదున్న ఆరు అక్షరాల సీరియల్ నంబర్‌ను ఫోటో తీసి పెట్టుకోండి. ఆప్ తనంతట తాను వెతికినప్పుడు లైటు దొరక్కపోతే ఈ నంబర్ కొడితే చాలా సార్లు పట్టుకుంటుంది. బిగించాక లేబుల్ లోపలికి పోతుంది, మళ్లీ నిచ్చెనెక్కి మూత విప్పాలి. వైరింగ్ మామూలే: ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసుకుని, ఫేజు, న్యూట్రల్, ఉంటే ఎర్త్ కలపాలి. గోడకు పాత రెగ్యులేటర్ రకం డిమ్మర్ ఉంటే తీసేసి మామూలు స్విచ్ పెట్టించాలి. హ్యూ లైటుకు దాని ద్వారా కరెంటు ఇస్తే మిణుకుతుంది, సన్నగా గుయ్యిమంటుంది, లోపలి సర్క్యూట్ దెబ్బతినే ప్రమాదమూ ఉంది.

చాలా మోడళ్లతో పెట్టెలోనే డిమ్మర్ రిమోట్ కూడా వస్తుంది. దాన్ని కంపెనీలోనే లైటుతో జతచేసి పంపుతారు కాబట్టి, బ్యాటరీకి అడ్డుగా ఉన్న ప్లాస్టిక్ ముక్క లాగితే ఏ ఆప్ లేకుండానే పనిచేస్తుంది. ఈ లైటు కొనడానికి అన్నిటికన్నా బలమైన కారణం ఇదే. ఎందుకంటే సీలింగ్ స్మార్ట్ లైటుకు అసలు శత్రువు గోడ స్విచ్. ఎవరో అలవాటుగా దాన్ని ఆపేస్తారు, కరెంటు పోయిన లైటుకు ఆప్ ఏ ఆదేశమూ పంపలేదు, 'లైటు అందుబాటులో లేదు' అంటుంది. అందుకే గోడ స్విచ్ ఎప్పుడూ వేసే ఉంచి, దాని మీద మూత బిగించి, పక్కనే డిమ్మర్ రిమోట్‌ను అంటించాలి. ఇంట్లో పెద్దవాళ్లకూ పిల్లలకూ ఫోన్ అవసరం ఉండదు. స్టాండ్‌బైలో లైటు తినేది అర వాట్ లోపే.

ఆప్‌లో 'పవర్ ఆన్' సెట్టింగ్ కూడా వెంటనే మార్చాలి. మార్చకపోతే అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు లైటు పూర్తి వెలుగుతో వెలిగి అందరినీ లేపుతుంది. కరెంటు పోయే ముందున్న స్థితికే తిరిగి వెళ్లే ఎంపిక తీసుకోండి. అప్పుడు ఆర్పి ఉన్న లైటు ఆర్పే ఉంటుంది.

బ్లూటూత్ చాలా, లేక లైట్లన్నిటినీ రౌటర్‌తో కలిపే చిన్న పెట్టె, బ్రిడ్జ్, కొనాలా? ఒక గదిలో ఒకటి రెండు లైట్లయితే బ్లూటూత్ చాలు. దానికి పది లైట్ల పరిమితి ఉంది, ఇంటి బయటి నుంచి వాడలేరు. గదులు పెరిగితే బ్రిడ్జ్ తప్పదు. చదరపు మామూలు బ్రిడ్జ్ సుమారు 50 లైట్లు మోస్తుంది, రౌటర్‌కు కేబుల్‌తో కలపాలి. ఫోన్ గెస్ట్ వైఫైలో ఉంటే బ్రిడ్జ్ కనిపించదు. మొదటిసారి సెటప్‌లో తికమక పెట్టే కారణాల్లో ఇదొకటి. బ్రిడ్జ్ ఉంటే ఇంటర్నెట్ ఆగినా డిమ్మర్ పనిచేస్తుంది, ముందుగా పెట్టిన టైమర్లు నడుస్తాయి.

లైట్లు ఆలస్యంగా స్పందిస్తున్నాయా? బ్రిడ్జ్, లైట్లు మాట్లాడుకోవడానికి హ్యూ వాడే వైర్‌లెస్ పద్ధతి జిగ్బీ కూడా వైఫైలాగే 2.4 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తుంది. బ్రిడ్జ్‌ను రౌటర్ మీదే పెడితే రెండూ ఒకదాన్నొకటి నొక్కుతాయి, కనీసం మీటరు దూరం ఉంచండి. అప్పటికీ తగ్గకపోతే ఆప్‌లో జిగ్బీ ఛానల్ మార్చండి. మార్చే సమయంలో లైట్లన్నిటికీ కరెంటు ఉండాలి, లేనివి వెనకబడి కొంతసేపు కనిపించకుండా పోతాయి. ప్రతి లైటూ సిగ్నల్‌ను పక్కదానికి అందిస్తుంది కాబట్టి మధ్య గదిలో స్విచ్ ఆపితే చివరి గది లైటు కూడా తప్పిపోవచ్చు. చివరి గదిలో రిపేరు వెతికే ముందు మధ్య గది స్విచ్ చూడండి.

ఒక లోపం ఉంది. చాలా మోడళ్లలో ఎల్‌ఈడీ లోపలే కలిసి ఉంటుంది, పాడైతే బల్బు మార్చినట్టు మార్చలేం, లైటు మొత్తం పోతుంది. హోల్డర్ ఉన్న షేడ్ ఇప్పటికే ఉన్నవాళ్లు అందులో హ్యూ బల్బే పెట్టుకోవడం మేలు. కొత్తగా సీలింగ్ పని చేయిస్తున్నవాళ్లు, గోడ స్విచ్‌ను ముట్టుకోకుండా ఉంచడానికి ఇంట్లో అందరూ ఒప్పుకుంటే, డిమ్మర్‌తో వచ్చే మోడల్‌నే తీసుకోవాలి.