కన్సల్టింగా, జీసీసీనా: ఏది మేలు?

ఈ ఏడాది ఈ ప్రశ్న నన్ను తక్కువలో తక్కువ పాతిక మంది అడిగి ఉంటారు. "అక్కా, రెండు ఆఫర్లు ఉన్నాయి. ఒకటి కన్సల్టింగ్ కంపెనీ, ఇంకోటి జీసీసీ. ఎందులో చేరమంటారు?" కన్సల్టింగ్ కంపెనీ బయటి క్లయింట్లకు ప్రాజెక్టులు చేసిపెడుతుంది. జీసీసీ అంటే గ్లోబల్ కేపబిలిటీ సెంటర్, ఒక విదేశీ కంపెనీ తన పని కోసం ఇక్కడ సొంతంగా పెట్టుకున్న ఆఫీసు. అడిగినవాళ్లలో కాలేజీ జూనియర్లు, పాత టీమ్ వాళ్లు, చివరికి మా పిన్ని కొడుకు కూడా ఉన్నారు. నేను తొమ్మిదేళ్లు కన్సల్టింగ్‌లో చేసి, నాలుగేళ్ల కిందట జీసీసీకి మారాను. మొన్నీమధ్య పాత కంపెనీ నుంచి తిరిగి రమ్మని పిలుపు వచ్చింది. హోదా పెద్దది, జీతం కూడా ఎక్కువే. వారం రోజులు ఆలోచించి వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో వివరంగా చెబితే, అడుగుతున్నవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అందరూ మొదట పోల్చేది హైక్ (జీతం ఎంత పెరుగుతుంది), ఆఫీసుకు ఎన్ని రోజులు రావాలి, నోటీసు పీరియడ్. అవి ముఖ్యమే, కాదనను. కానీ 90 రోజుల నోటీసు రెండు వైపులా కనిపిస్తుంది. ట్రాఫిక్ మాధాపూర్‌కైనా, కోకాపేటకైనా ఒకటే. హైక్‌లో తేడా ఉన్నా ఇంకోసారి మారినప్పుడు సర్దుకుంటుంది. నా వరకు తేల్చే విషయం ఒక్కటే: మీరు చేసిన పని ఏడాది తర్వాత ఎలా నడుస్తోందో మీ కళ్లతో చూస్తారా, లేదా?

ఇది నాకు బాగా ఆలస్యంగా తెలిసింది. కన్సల్టింగ్‌లో ఉన్నప్పుడు ఒక బీమా కంపెనీకి ప్రీమియం గడువులు లెక్కగట్టే సిస్టమ్ చేశాం. నెలనెలా ప్రీమియం కట్టే పాలసీలకు రాత్రిపూట ఒక బ్యాచ్ (అన్నిటినీ ఒకేసారి లెక్కించే ప్రోగ్రామ్) నడిచి, తర్వాతి గడువు తేదీ వేస్తుంది. కస్టమర్‌కు ఎస్సెమ్మెస్ పంపుతుంది, ఆ తేదీన బ్యాంకు ఖాతా నుంచి డబ్బు కట్ అవుతుంది. డిజైన్ నాది. జూన్‌లో గో-లైవ్ అయ్యాం, అంటే సిస్టమ్ నిజమైన కస్టమర్లకు నడవడం మొదలైంది. క్లయింట్ మెచ్చుకుంటూ మెయిల్ పెట్టారు, ఆ క్వార్టర్ అవార్డు నాకే ఇచ్చారు. ఆగస్టులో కేటీ ఇచ్చేసి (పనంతా తర్వాత చూసేవాళ్లకు వివరించి అప్పగించి) ఇంకో ప్రాజెక్టు కోసం పుణె వెళ్లిపోయాను.

రెండేళ్ల తర్వాత, ఆ సిస్టమ్‌కు సపోర్ట్ చేసే అమ్మాయి రాయదుర్గం మెట్రో దగ్గర కనిపించింది. "మేడమ్, మీ బ్యాచ్ బాగానే నడుస్తోంది. నెలాఖరు ఎక్సెల్ ఒక్కటే ఇంకా చేత్తో సరిచేస్తున్నాం" అంది. ఏ ఎక్సెల్ అని అడిగాను. అక్కడే నిలబడి ఫోన్‌లో క్యాలెండర్ తెరిచి చూపించింది.

గడువు లెక్క నేను ఇలా రాశాను: కిందటి గడువుకు ఒక నెల కలపాలి. జనవరి 31కి నెల కలిపితే ఫిబ్రవరి 28 వస్తుంది, అది సరైనదే. కానీ ఆ 28కి నెల కలిపితే మార్చి 28 అవుతుంది, రావాల్సింది మార్చి 31. 31వ తేదీ పాలసీలు జూన్‌లోనే 30కి జారాయి. ఒక్క రోజు తేడాయే కదా, ఎవరి కంటా పడలేదు. మొదటి ఫిబ్రవరి వచ్చేసరికి 29, 30, 31 తేదీల పాలసీలన్నీ 28కి వచ్చి అక్కడే ఆగిపోయాయి. నెలాఖరున జీతం పడుతుందని ఆ తేదీలు పెట్టుకున్నవాళ్లు వాళ్లు. 28న ఖాతాలో డబ్బు లేక డెబిట్ బౌన్స్ అయ్యేది, బ్యాంకు పెనాల్టీ వేసేది. కోడ్ మార్చాలంటే చేంజ్ రిక్వెస్ట్ పెట్టాలి, దానికి బడ్జెట్ కావాలి. మా కాంట్రాక్ట్ అప్పటికే అయిపోయింది. అందుకని ఆ అమ్మాయి ప్రతి నెలా జాబితా తీసి, ఒక్కో పాలసీకి అసలు తేదీ వెతికి, చేత్తో మార్చేది. మొదట పెట్టుకున్న తేదీని ఒక కాలమ్‌లో దాచి, ప్రతిసారీ అక్కడి నుంచే లెక్కిస్తే ఈ బాధే ఉండేది కాదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు చేసినందుకు కాదు, తప్పులు అందరం చేస్తాం. మధ్యలో ఇంకో క్లయింట్‌కు అదే లెక్కను అదే విధంగా రాసిచ్చాను. నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి అది సరైన పద్ధతే అనుకున్నాను. రెండేళ్ల అనుభవం పెరిగిందని రెజ్యూమెలో రాసుకున్నాను, కానీ ఆ విషయంలో నాకు పెరిగింది ధైర్యమే. తెల్లారగానే ఇద్దరు పాత మేనేజర్లకూ మెయిల్ పెట్టాను.

దీన్ని బట్టి కన్సల్టింగ్ వద్దంటున్నానని అనుకోకండి. అక్కడ నేర్చుకున్నది ఇంకెక్కడా దొరికేది కాదు. బీమా, బ్యాంకు, రిటైల్, ఒక ఆస్పత్రి బిల్లింగ్: తొమ్మిదేళ్లలో ఇన్ని రకాల వ్యాపారాలు లోపలి నుంచి చూశాను. కొత్త క్లయింట్ దగ్గరికి వెళ్లిన మొదటి వారం, ఎవరి కింద ఎవరో చూపే ఆర్గ్ చార్ట్ పక్కన పెట్టి, ఏదైనా ఆగిపోతే అందరూ ఎవరి సీటు దగ్గరికి పరుగెత్తుతున్నారో చూసేదాన్ని. అసలు సంగతి తెలిసిన మనిషి అక్కడే ఉంటారు, చాలాసార్లు పెద్ద హోదా కూడా ఉండదు. ఒక సంస్థలో మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో, వాళ్లు కట్టే సిస్టమ్ కూడా అదే ఆకారంలో వస్తుందని కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లోనే అన్నారు. ఇది ఒకే కంపెనీలో ఉంటే చదివి తెలుసుకోవాలి. నాలుగైదు కంపెనీలు తిరిగితే ఎదురుగా కనిపిస్తుంది. ఫలానా రెండు డిపార్ట్‌మెంట్లకు పడదని తెలిస్తే, వాటి మధ్య డేటా ఎక్కడ పాడవుతుందో ముందే చెప్పగలిగేదాన్ని. భయం లేకుండా కొత్తవాళ్ల ముందు మాట్లాడటం, "నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అనడం కూడా అక్కడే అలవాటైంది.

కానీ ఆ కల్చర్ మొత్తం బిల్లింగ్ చుట్టూ తిరుగుతుంది. ఎవరికీ చెడు ఉద్దేశం ఉండి కాదు, ఆ వ్యాపారం నడిచేదే అలా. గంట గంటకూ టైమ్‌షీట్ నింపాలి. ప్రాజెక్టు లేకపోతే బెంచ్, బెంచ్ మీద ఉన్నన్నాళ్లూ టెన్షన్. నేర్చుకునే సమయాన్ని ఏ క్లయింటూ ఇన్‌వాయిస్‌లో కట్టడు. పాత ప్రాజెక్టు ఎలా ఉందో వెళ్లి చూసి రావడానికి అసలే కట్టడు.

ఇక జీసీసీ. ఇది మనకు కొత్త కాదు. మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టింది 1998లో. ఈమధ్య పెరిగింది సంఖ్య. ఐటీ పరిశ్రమ సంఘం నాస్కామ్, సలహా సంస్థ జిన్నోవ్ 2024లో వేసిన లెక్కల్లో దేశం మొత్తం మీద 1,700కు పైగా సెంటర్లు, 19 లక్షల ఉద్యోగాలు ఉన్నాయి. అందుకే ఈ ప్రశ్న ఇంతమంది అడుగుతున్నారు.

నేను చేరిన ఏడాదికి, ఒక రాత్రి రెండున్నరకు ఆన్‌కాల్ ఫోన్ మోగింది (సిస్టమ్‌లో ఏదైనా ఆగితే వెంటనే లేచి చూడాల్సిన డ్యూటీ అది). చెల్లింపులు నడిపే పేమెంట్ గేట్‌వే కాస్త నెమ్మదించింది, అంతే. కానీ జవాబు రాకపోతే వెంటనే మళ్లీ అడిగేలా రీట్రై పెట్టింది నేనే. వేల రిక్వెస్టులు ఒక్కసారిగా మళ్లీ మళ్లీ వెళ్లి, నెమ్మదించిన గేట్‌వేని పూర్తిగా ఆపేశాయి. తెల్లవారుజామున ఐదుకు సర్దుకుంది. మర్నాడు మీటింగ్‌లో "ఎవరు చేశారు" అని ఒక్కరూ అడగలేదు. "ఈ కోడ్ రివ్యూ దాటి ఎలా వచ్చింది" అని అడిగారు. ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య వ్యవధి పెంచుకుంటూ పోయేలా మార్చాను. ఆరు నెలల తర్వాత గేట్‌వే మళ్లీ నెమ్మదించింది. స్క్రీన్ ముందు కూర్చుని చూస్తూ ఉన్నాను. గ్రాఫ్ కొంచెం వంగి, మళ్లీ నిలబడింది. నా తొమ్మిదేళ్ల కన్సల్టింగ్‌లో ఏ అవార్డూ ఇవ్వని తృప్తి అది. తప్పు ఎక్కడ జరిగిందో, దిద్దుబాటు పనిచేసిందో లేదో రెండూ నాకే తెలిశాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. బోర్డు మీద జీసీసీ అని ఉన్నంత మాత్రాన ఇదంతా దొరకదు. కొన్ని సెంటర్లలో నిర్ణయాలన్నీ హెడ్డాఫీసులో జరుగుతాయి, ఇక్కడికి చేయాల్సిన పనుల టికెట్లు వస్తాయి. రాత్రి పదింటి కాల్‌లో వాళ్లు చెప్పింది రాసుకోవడం, పొద్దున చేసి పెట్టడం. అలాంటి చోట చేరితే కన్సల్టింగ్‌లోని వెరైటీ పోతుంది, ఇక్కడి బాధ్యతా దక్కదు. పైగా అక్కడి పెద్దల వ్యూహం మారితే ఇక్కడి టీమ్ రాత్రికి రాత్రి వేరే పనికి మారిపోతుంది. అందుకే ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడుగుతారా" అన్నప్పుడు మొహమాటపడకుండా ఇవి అడగండి: ప్రొడక్ట్ మేనేజర్ ఏ ఊళ్లో కూర్చుంటారు? ప్రొడక్షన్‌లో (కస్టమర్లు వాడుతున్న సిస్టమ్‌లో) ఏదైనా ఆగితే ముందు ఫోన్ ఎవరికి వెళ్తుంది? గత ఏడాది హెడ్డాఫీసు అడిగితే మీ టీమ్ వద్దన్న పని ఒక్కటైనా ఉందా? మూడో ప్రశ్నకు ఉదాహరణతో జవాబు వస్తే ధైర్యంగా చేరండి. నవ్వి మాట మారిస్తే ఇంకో ఆఫర్ చూసుకోండి.

ఏఐ వచ్చాక ఈ తేడా ఇంకా ముఖ్యమైందని నా నమ్మకం. నేను రాసిన ఆ గడువు లెక్కను ఇప్పుడు ఏ టూల్‌ని అడిగినా నిమిషంలో రాసిస్తుంది. అది సరైనదో కాదో చూడాల్సింది మనం. "మరి ఫిబ్రవరిలో?" అనే ప్రశ్న నాకు ఇప్పుడు వెంటనే తడుతుంది. ఎక్కడో చదివి కాదు, మెట్రో మెట్ల దగ్గర ఆ అమ్మాయి క్యాలెండర్ చూపించింది కాబట్టి. కోడ్ రాయడం తేలికయ్యేకొద్దీ, దాని పర్యవసానం చూసిన మనిషికే విలువ పెరుగుతుంది.

స్టార్టప్ సంగతి కూడా కొందరు అడుగుతున్నారు. బాధ్యత అక్కడ కావలసినంత దొరుకుతుంది, కానీ తప్పు దిద్దేందుకు పక్కన సీనియర్ ఉన్నారో లేదో చూసుకోండి, ఇంట్లో ఏడాది ఖర్చులకు డబ్బు ఉంటేనే చేరండి. సొంతంగా ఫ్రీలాన్స్ కన్సల్టింగ్ అంటారా, పదేళ్ల అనుభవం, మిమ్మల్ని పేరు పెట్టి పిలిచే ఇద్దరు ముగ్గురు క్లయింట్లు లేకుండా వద్దు. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి, పీఎఫ్ ఉండదు, హెల్త్ ఇన్సూరెన్స్ మీరే తీసుకోవాలి.

మా పిన్ని కొడుక్కి కన్సల్టింగ్‌లో రెండున్నరేళ్లయింది. వాడికి జీసీసీ ఆఫర్ వచ్చినా వెంటనే మారమని చెప్పలేదు. వాడు ఇప్పటిదాకా చూసింది ఒక్క బ్యాంకు ప్రాజెక్టే. ఇంకో ఏడాదిన్నర ఉండి, మేనేజర్‌ని అడిగి వేరే రంగంలో ఒక్క ప్రాజెక్టు చెయ్యి, ఆ తర్వాత మారు అన్నాను. మూడు నాలుగేళ్లు దాటినవాళ్లు అడిగితే మాత్రం, ఆ మూడు ప్రశ్నలకూ సరైన జవాబు వచ్చే జీసీసీలో చేరమనే చెబుతున్నాను.

వాడు "అయితే అప్పటిదాకా ఏం చెయ్యను అక్కా?" అన్నాడు. బ్యాంకు ప్రాజెక్టులో మొదటి ఏడాది వాడు చేసిన మాడ్యూల్‌ని ఇప్పుడు ఎవరు చూస్తున్నారో కనుక్కుని, వాళ్లను టీకి పిలిచి, రోజూ దేనితో ఇబ్బంది పడుతున్నారో అడగమన్నాను. పోయిన శుక్రవారం వెళ్లొచ్చాడట. రాత్రి ఫోన్ చేసి అరగంట సేపు వాళ్లు చెప్పినవే చెప్పాడు, సోమవారం సరిచేయాల్సినవి నాలుగు రాసుకున్నాడు.