లీలామహల్ దగ్గర సంగటి: ఒంటిగంటలోపు అయితేనే

తిరుపతిలో లీలామహల్ సర్కిల్ చుట్టుపక్కల ఏం తినాలని అడిగితే దోసెలు, పొంగలి గురించి నేను చెప్పను. అవి ఊరంతా దొరుకుతాయి, బాగానే ఉంటాయి. నా గోలంతా ఒక సందులో ఉన్న మెస్సు గురించి, అందులోనూ దాని రాగిసంగటి గురించి. ఆఫీసు పక్కనే కావడంతో ఏళ్ల తరబడి మధ్యాహ్నం అక్కడే తింటున్నాను. పేరు రాయడం లేదు. ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

మన వైపు సంగటి అంటే ఉట్టి పిండి ముద్ద కాదు. ముందు బియ్యం మెత్తగా ఉడకాలి. ఆ ఉడుకు మీదే రాగిపిండి పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, తర్వాత తెడ్డుతో ఉండ కట్టకుండా కెలకాలి. ఇక్కడ ఆ పని చేసే అక్క ముద్ద చేసిందంటే, విరిస్తే లోపల మెతుకు కనపడీ కనపడనట్టు ఉంటుంది. వేలితో గుంట చేసి పులుసు పోసుకుంటే నిలుస్తుంది. నమలక్కర్లేదు, గొంతులోకి జారిపోతుంది. నెయ్యి మాత్రం అడిగితేనే వేస్తారు.

ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లను ఇదివరకు నాటుకోడి కోసం అక్కడికి పొమ్మనేవాణ్ణి. ఇప్పుడు పులుసు కోసం పొమ్మంటున్నాను. ధనియాలు, కొబ్బరి, గసాలు నూరి పోసిన ఆ పులుసుకు వంక పెట్టలేం. ముక్క రోజూ నాటుకోడిదేనా అంటే నేను ప్రమాణం చెయ్యలేను. నాటుకోడి అంత సులువుగా ఉడికేది కాదు. ఒక్కోరోజు ముక్క అనుమానం వచ్చేంత మెత్తగా ఉంటుంది.

ఇక ఆ ఆదివారం సంగతి. మా బావ నెల్లూరు నుంచి వచ్చి, గుండు కొట్టించుకుని, దర్శనం చేసుకుని కొండ దిగాడు. కొండ మీద మాంసం మాటే ఉండదు కదా, అలిపిరి దాటగానే "ఇంక తప్పులేదులే, ఆ సంగటి ఏదో పెట్టించు" అన్నాడు. ఫోన్లో నేను ఊదరగొట్టిన ఫలితం. మేం మెస్సు చేరేసరికి రెండున్నర దాటింది. బయట జనం, లోపల జనం. అందులో సగం మా బావలాగే గుండ్లకు గంధం పూసుకున్నవాళ్లు. ఎంతోసేపు నిలబడితే బల్ల దొరికింది.

ముద్దలు హాట్‌బాక్సులోంచి వచ్చాయి. పైన ఎండి తోలు కట్టింది. విరవబోతే రబ్బరు బంతిలా సాగింది. మెతుకన్నదే లేదు, ఉట్టి పిండి కెలికేశారు. పులుసు పోస్తే ఒక్క చుక్క పట్టకుండా ఆకులోకి కారిపోయింది. వడ్డించే కుర్రాణ్ణి పిలిచి వేడిది ఉందా అని అడిగాను. "ఇప్పుడు బియ్యం ఉడకేసి కెలకాలంటే శానా సేపు పడతాదన్నా. అన్నం తెచ్చేదా?" అన్నాడు. వాడి తప్పేముంది. అక్క కోసం వంటింట్లోకి తొంగి చూశాను, ఇంటికి వెళ్లిపోయిందట. ఆదివారం గిరాకీకి పొద్దున్నే కెలికి పెట్టేస్తారట. అది చాలకపోతే మధ్యలో పిండి ఒక్కటే కెలికి సర్దేస్తారట. డబ్బులు మాత్రం మామూలు ముద్దకు తీసుకున్నంతా తీసుకున్నారు. నాకు కాలింది అక్కడే. బావ మర్యాదస్తుడు, సగం ముద్ద ఎలాగో మింగి నీళ్లు తాగి, "దీనికోసమా నన్ను ఇంత దూరం నడిపించావు బామ్మర్దీ" అన్నాడు. ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా అదే మాట.

ఆ తర్వాత చాలా రోజులు అటు వెళ్లలేదు. మళ్లీ వెళ్లింది పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు, అక్టోబరు మధ్య వచ్చే తమిళ నెలలో. ఆ నెల, ముఖ్యంగా శనివారాలు, మా వైపు చాలా ఇళ్లలో మాంసం ముట్టరు. కోడికూరకు పేరున్న మెస్సులన్నీ బోసిపోతాయి. ఇక్కడా బల్లలు ఖాళీ. అక్క అప్పుడే కెలికిన ముద్ద పెట్టి, పక్కన ఊరిబిండి వేసింది. వేయించిన చెనిక్కాయ విత్తనాలు, మిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ కలిపి బరకగా నూరి, చివర్లో ఎర్రగడ్డ వేసి ఒక్క దంపు దంపినట్టుంది. పంటికింద ఎర్రగడ్డ ఇంకా పచ్చిగానే తగులుతోంది. ఇంకో గిన్నెలో వంకాయ పులుసు. ఇన్నేళ్లూ కోడి పులుసు మాటున ఉండిపోయిన రాగుల రుచి ఆ రోజు తెలిసింది. రెండో ముద్ద అడిగి పెట్టించుకున్నాను. మామూలు రోజుల్లో కూడా ఊరిబిండి చెయ్యొచ్చు కదక్కా అంటే, "అడిగేవోళ్లు లేరు నాయనా" అంది. అడగండి దయచేసి, మీరు నలుగురు అడిగితే నాకు రోజూ దొరుకుతుంది.

కాబట్టి వెళ్లేవాళ్లు మామూలు రోజున ఒంటిగంటలోపు వెళ్లండి. కూర్చునే ముందే అక్క ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే అన్నం తినండి, అన్నంలోకి ఆ పులుసు బాగుంటుంది. పార్సిల్ వద్దే వద్దు, ఇంటికి చేరేలోపు ముద్ద గట్టిపడుతుంది. రాత్రిళ్లు సంగటి ఉండదు, పరోటా, శేర్వా పెడతారు. మా పిల్లలకు అవంటే ఇష్టం, నాకు అంతంతమాత్రం. నాకైతే నడిచి వెళ్లే దూరం కాబట్టి సరిపోతోంది. రేణిగుంట నుంచో తిరుచానూరు నుంచో దీనికోసమే బండేసుకుని రమ్మని చెప్పను, ఆదివారమైతే అసలే చెప్పను.