1,92,000 కిలోమీటర్ల స్విఫ్ట్‌కు కొత్త సస్పెన్షన్: ఆటోనగర్ షెడ్డు పనితనం మీద సమీక్ష

మా మారుతి స్విఫ్ట్ వీడీఐ (డీజిల్) కారు 2012లో కొన్నది, అంటే 2011లో వచ్చిన రెండో తరం మోడల్. దాని తిరుగుడులో సగానికి పైగా గుడివాడ, కైకలూరు, ఆకివీడు, ఉండి మీదుగా భీమవరం వెళ్లే 165వ నంబరు జాతీయ రహదారి మీదనే సాగింది. ఆ దారి ఎరిగినవారికి వేరే వివరణ అక్కర్లేదు. నల్లరేగడి మీద వేసిన రోడ్డు వానకు ఉబ్బి, ఎండకు కుంగి అలలు తేలుతుంది. చేపల లారీల నుంచి కారే ఐసు నీళ్లు తారును ఎక్కడికక్కడ తినేస్తాయి. మీటరు 1,92,000 దాటేసరికి బండిలో మూడు రకాల చప్పుళ్లు స్థిరపడ్డాయి. చిన్న గతుకుల మీద నెమ్మదిగా పోతున్నప్పుడు ముందు నుంచి టకటకమనే శబ్దం, గుంటలో చక్రం దిగినప్పుడు దబ్బుమనే శబ్దం, నిలిచి ఉన్న బండిలో స్టీరింగు తిప్పితే కిర్రుమనే శబ్దం. వీటికి తోడు బ్రేకు వేస్తే ముక్కు బాగా వంగేది, కల్వర్టు దిగాక వెనుక భాగం రెండు మూడు సార్లు ఊగితే గాని నిలిచేది కాదు.

నిజానికి ఇది మొదటి మరమ్మతు కాదు. అంతకు ఏడాదిన్నర ముందు మా దగ్గరి పట్టణంలోని ఒక వర్క్‌షాపులో లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి ఫ్రేముకు కలిపే కింది చేయి) బుష్‌లు, అంటే దాని కీళ్లలోని రబ్బరు తొడుగులు, మార్పించాను. మంచి రకం బుష్‌లే వేశారు, డబ్బూ తక్కువేమీ తీసుకోలేదు. అయినా 11,000 కిలోమీటర్లకే అవి చీలిపోయాయి. రోడ్లు బాగాలేవని వారు చెప్పిన మాట నమ్మి ఊరుకున్నాను. ఆ మాట ఎంతవరకు నిజమో విజయవాడ ఆటోనగర్‌లోని ఈ షెడ్డుకు వెళ్లాక తెలిసింది. ఈ సమీక్ష రాయడానికి ముఖ్య కారణం అదే.

షెడ్డు చిన్నది. నాలుగు బండ్లు పడతాయి, రెండు లిఫ్టులు ఉన్నాయి, మేస్త్రి గారితో కలిపి ముగ్గురు పనివాళ్లు. నాకు మొదట నచ్చింది, ధర చెప్పమని అడిగితే ఆయన బండి చూడకుండా చెప్పకపోవడం. ముందు తానే నడిపి, శబ్దాలు ఏ వైపు నుంచి వస్తున్నాయో విన్నారు. తరువాత లిఫ్టు మీదకు ఎత్తించి దాదాపు ముప్పావు గంట పరీక్షించారు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కొద్దిగా ఆట, అంటే వదులు, కనిపించింది. అది బాల్ జాయింటు (ఆర్మ్‌కు చక్రం వైపు ఉండే గుండు కీలు) వల్లా, చక్రం బేరింగు వల్లా అన్నది తేల్చడానికి కుర్రాడిని లోపల కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా తొక్కించి మళ్లీ ఊపారు. బ్రేకు తొక్కినప్పుడు ఆట పోతే బేరింగు లోపం, అప్పటికీ మిగిలితే బాల్ జాయింటు లోపం. మా బండికి ఆట మిగిలింది. సన్న గునపంతో లోయర్ ఆర్మ్‌ను కదిపి చూపిస్తే, బుష్ రబ్బరు చుట్టూ పడిన చీలిక నాకే స్పష్టంగా కనిపించింది.

ముందు రెండు స్ట్రట్లలో (స్ప్రింగుతో కలిసి నిలువుగా ఉండే షాక్ అబ్జార్బర్లు) ఎడమదాని నుంచి నూనె కారి, దుమ్ము అంటుకుని ముద్ద కట్టి ఉంది. కుడిదాని మీద పలుచని తేమ మాత్రమే ఉంది. పలుచని తేమ ఉన్నంత మాత్రాన స్ట్రట్ పోయినట్టు కాదని, కాని షాక్ అబ్జార్బర్లను ఒకే వరుసలో ఒకవైపు కొత్తదీ మరోవైపు పాతదీ ఉంచితే బ్రేకు వేసినప్పుడూ మలుపులోనూ రెండు చక్రాలు రెండు రకాలుగా ప్రవర్తిస్తాయని, అందుకే జతగా మార్చాలని చెప్పారు. వెనుక రెండూ అయిపోయినట్టే. టకటక శబ్దం స్టెబిలైజర్ (మలుపులో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) లింక్ రాడ్లది, కిర్రుమనేది స్ట్రట్ పైన ఉండే మౌంట్ బేరింగుది.

ఆయన వద్దన్న వాటి జాబితా కూడా నాకు అంతే విలువైనదిగా తోచింది. టై రాడ్ ఎండ్లు (స్టీరింగును చక్రాలకు కలిపే కడ్డీల చివరలు), కాయిల్ స్ప్రింగులు, వెనుక యాక్సిల్ బుష్‌లు మార్చాలని వేరే చోట ఇచ్చిన అంచనాలో ఉంది. "టై రాడ్‌లో ఆట లేదండీ, స్ప్రింగు విరగలేదు, బండి ఎత్తు రెండువైపులా సమానంగానే ఉంది. ఇవి ఇప్పుడు మార్చడం డబ్బు పారేయడమే," అన్నారు. బండి ఎత్తును మోసేది స్ప్రింగు అని, షాక్ అబ్జార్బరు పని ఆ స్ప్రింగు ఊపును నూనె సన్నటి రంధ్రాల గుండా పోయేటప్పుడు పుట్టే నిరోధంతో అణచడం మాత్రమేనని, కాబట్టి కొత్త షాకులు వేస్తే బండి లేస్తుందని ఆశ పెట్టుకోవద్దని కూడా ముందే హెచ్చరించారు.

విడిభాగాలు నేనే ఎదురుగా ఉండి కొనిపించాను. ముందు స్ట్రట్లు ఒక్కొక్కటి రూ. 2,400, బేరింగుతో సహా మౌంట్లు ఒక్కొక్కటి రూ. 750, బంప్ స్టాపు (స్ట్రట్ పూర్తిగా కుంగినప్పుడు దెబ్బను ఆపే మెత్తటి ముక్క), దుమ్ము తొడుగు కలిపి ఒక్కో వైపు రూ. 350, లోయర్ ఆర్మ్‌లు ఒక్కొక్కటి రూ. 1,750, లింక్ రాడ్లు ఒక్కొక్కటి రూ. 550, స్టెబిలైజర్ బుష్‌ల జత రూ. 200, వెనుక షాకులు ఒక్కొక్కటి రూ. 1,350. మొత్తం రూ. 14,500. కూలి రూ. 3,500. పాత ఆర్మ్‌లకే కొత్త బుష్‌లు, విడిగా బాల్ జాయింట్లు వేయిస్తే వెయ్యి రూపాయల పైన మిగిలేది. కాని ఆర్మ్ అంచుల్లో తుప్పు పట్టి ఉండటం, నా పాత అనుభవం గుర్తుండటం వల్ల పూర్తి ఆర్మ్‌లే తీసుకున్నాను. ఆ నిర్ణయం సరైనదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. బంప్ స్టాపులను మాత్రం ఎవరూ వదలవద్దు. మా పాతవి ముట్టుకుంటే పిండిలా రాలాయి. అవి లేకుండా కొత్త స్ట్రట్ వేస్తే పెద్ద గుంటలో దాని కడ్డీ నేరుగా అడుగును తాకి త్వరగా పాడవుతుంది.

ఇక పనితనం. స్ప్రింగును రెండు వైపులా బిగించే సరైన కంప్రెసర్‌తో నొక్కారు, తాళ్లు కట్టడం వంటి ప్రమాదకరమైన పద్ధతులు వాడలేదు. కొత్త స్ట్రట్‌ను బిగించే ముందు నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి లాగారు. పడుకోబెట్టి నిల్వ చేసినప్పుడు లోపలి గొట్టంలో చేరే గాలి అలా పైకి పోతుంది. మెరిసే కడ్డీని ఎక్కడా పటకారుతో పట్టలేదు. దాని మీద చిన్న గీత పడినా నూనె సీలు కోసుకుపోతుంది కాబట్టి ఈ జాగ్రత్త మామూలుది కాదు.

అన్నిటికన్నా విలువైన పని చివర చేశారు. లోయర్ ఆర్మ్ బోల్టులను లిఫ్టు మీద చేతి బిగువుకే వదిలి, చక్రాలు వేసి, బండిని నేలకు దించి, రెండు మూడు సార్లు ముందుకూ వెనక్కూ దొర్లించి, బరువంతా చక్రాల మీద పడ్డాక షెడ్డులోని మరమ్మతు గుంట మీదకు తెచ్చి, కిందికి దిగి, టార్క్ రెంచితో (బిగువును కొలిచి బిగించే రెంచి) పూర్తిగా బిగించారు. కారణం అడిగితే పాత బుష్ చేతికిచ్చి వివరించారు. దాని లోపలి ఇనుప గొట్టం బోల్టుతో ఫ్రేముకు బిగిసి కదలకుండా ఉంటుంది, బయటి భాగం ఆర్మ్‌తో కలిసి తిరుగుతుంది, మధ్యలోని రబ్బరు మెలిపడుతూ ఆ కదలికను భరిస్తుంది. చక్రం గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ వేలాడే స్థితినే తన సహజ స్థితిగా తీసుకుంటుంది. బండి నేల మీదకు రాగానే అది మెలిపడి, నిలిచి ఉన్నప్పుడు కూడా ఆ మెలికలోనే ఉంటుంది. ప్రతి గతుకూ దాన్ని ఇంకా మెలిపెడుతుంది. అలా బిగించిన మంచి బుష్ కూడా కొన్ని నెలల్లో చీలిపోతుంది. నా పాత బుష్‌లు 11,000 కిలోమీటర్లకే పోవడానికి రోడ్డు ఒక్కటే కారణం కాదని అప్పుడు అర్థమైంది. ఆనాడు బండి లిఫ్టు మీద ఉండగానే గాలి గన్నుతో బోల్టులు బిగించడం నేను కళ్లారా చూశాను. అందులో తప్పుందని నాకు అప్పుడు తెలియదు, తెలిసి ఉంటే అక్కడే ఆపేవాడిని.

లోపాలూ చెప్పాలి. ఒక రోజులో ఇస్తామన్న బండి రెండో రోజు సాయంత్రానికి చేతికొచ్చింది, ఆ రాత్రి నేను విజయవాడలోనే ఉండాల్సి వచ్చింది. కూలికి అచ్చు బిల్లు ఇవ్వలేదు, కాగితం మీద రాసిచ్చారు. వీల్ అలైన్‌మెంటు యంత్రం వారి దగ్గర లేదు; బయట రూ. 500 పెట్టి చేయించుకోవాల్సి వచ్చింది. దానితో మొత్తం ఖర్చు రూ. 18,500 అయింది. అలైన్‌మెంటు దగ్గర క్యాంబర్ (చక్రం నిలువు నుంచి పక్కకు వాలిన కోణం) తేడా ఉందని, జాకీతో వంచి సరిచేస్తామని, అదనంగా ఇవ్వాలని అడిగారు. ఈ బండి ముందు చక్రాలకు టై రాడ్ల ద్వారా సరిచేయగలిగేది టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే అని మేస్త్రి గారు ముందే చెప్పి పంపారు. కొత్త స్ట్రట్‌ను వంచడానికి నేను ఒప్పుకోలేదు. టో సరిచేశాక స్టీరింగు నిటారుగా నిలిచింది, బండి ఏ వైపూ లాగలేదు.

ఆరు నెలలు, 9,000 కిలోమీటర్లు అయ్యాయి. మూడు చప్పుళ్లూ పోయాయి, బ్రేకు వేస్తే ముక్కు మునుపటిలా వంగడం లేదు, వెనుక సీటులో కూర్చునే మా అమ్మకు ఆకివీడు దాటాక నడుము పట్టడం లేదు. ఆ మూడింటితో పాటు ఉండిన గుయ్యిమనే టైర్ల మోత మాత్రం వెంటనే పోలేదు. అరిగిన షాకుల మీద చాలాకాలం తిరిగిన 165/80 ఆర్14 టైర్ల అంచుల్లో అక్కడక్కడా పల్లాలు పడి ఉన్నాయి, కొత్త షాకులు ఆ పల్లాలను పూడ్చలేవు. టైర్లు మార్చాకే ఆ మోత ఆగింది. ఈ పని చేయించదలచినవారు టైర్ల ఖర్చును కూడా మనసులో ఉంచుకోవడం మంచిది.

పోయిన నెల ఆయిల్ మార్పించినప్పుడు అదే షెడ్డులో లిఫ్టు మీద కింది భాగం చూపించుకున్నాను. బుష్‌ల రబ్బరు మీద ఒక్క చీలిక లేదు. బోల్టు వదులైతే తెలిసేలా దాని తల నుంచి ఆర్మ్ మీదకు ఆనాడు మేస్త్రి గారు గీసిన పసుపు రంగు గీతలు కూడా చెదరకుండా, గీసినచోటనే ఉన్నాయి.