సీఎమ్‌టీ ఉన్నవారి కారుకు ఏ చేతి మీట మంచిది?

షార్కో-మారీ-టూత్‌ను అందరూ సీఎమ్‌టీ అనే అంటారు. 1886లో ఈ ముగ్గురు వైద్యులు వివరించిన వంశపారంపర్య నరాల జబ్బు ఇది. సుమారు 2,500 మందిలో ఒకరికి ఉంటుంది. పొడవాటి నరాలు ముందు దెబ్బతింటాయి కాబట్టి మొదట పాదాలు, ఆ తర్వాత చేతివేళ్లు నీరసపడతాయి. స్టీరింగ్ ముందు కూర్చున్నప్పుడు యాక్సిలరేటర్ మీది పాదం సరిగా పైకి లేవదు. కాలివేళ్లు బ్రేకు పెడల్ కిందకు దూరి ఇరుక్కుంటాయి. ఏ పెడల్ మీద కాలుందో స్పర్శకు అందదు.

ఇంజిన్ ఆపి, చూపు ముందుకే ఉంచి, యాక్సిలరేటర్ నుంచి బ్రేకుకు పదిసార్లు పాదం మార్చి చూడండి. ఒక్కసారి కిందికి చూడాల్సి వచ్చినా కాలితో నడపడం మానేసి, డాక్టరుతో మాట్లాడాలి.

అలాంటివారు కాలికి బదులు చేతితో బ్రేకు, యాక్సిలరేటర్ నడిపే మీట కారులో పెట్టించుకోవచ్చు. ఎడమ కాలి యాక్సిలరేటర్ మాత్రం కొనకండి. అది కుడి కాలు ఒక్కటే పనిచేయనివారికి. సీఎమ్‌టీ సాధారణంగా రెండు కాళ్లనూ పట్టుకుంటుంది. బైకు యాక్సిలరేటర్‌లా తిప్పే పిడి చూడ్డానికి సులువుగానే ఉంటుంది, కానీ దానికి వేళ్ల పట్టు కావాలి. చలికి వేళ్లు బిగుసుకుంటే ఆ పట్టు ఇంకా తగ్గుతుంది. అమ్మేవారు కాళ్ల గురించే అడిగితే, చేతుల సంగతి మీరే చెప్పాలి.

మా ఓటు ఆటోమేటిక్ కారులో బిగించే, నెడితే బ్రేకు, లాగితే యాక్సిలరేటర్ అయ్యే మీటకే. పని భుజం, మోచేయి చేస్తాయి. ఈ జబ్బులో చాలామందికి ఆ కండరాలు చాలాకాలం నిలుస్తాయి. అరచేతి మడమతో నెట్టినా బ్రేకు పడుతుంది. బ్రేకు పడి ఒళ్లు ముందుకు తూలినా, ఆ తూలు బ్రేకు వైపే పోతుంది. లోపం కూడా ఉంది: హైవే మీద గంటల తరబడి లాగి పట్టుకుంటే భుజం పీకుతుంది. వేగాన్ని దానంతటదే నిలిపే క్రూయిజ్ కంట్రోల్, ఆగినప్పుడు బ్రేకును పట్టి ఉంచే ఆటో హోల్డ్ ఉన్న కారైతే మేలు.

స్టీరింగ్‌కు గుండ్రటి గుబ్బ వద్దు, దానికీ పిడికిలి పట్టు కావాలి. మణికట్టును మూడు వైపులా పట్టుకునే ట్రై-పిన్ తీసుకోండి. మారుతి, హ్యుందాయ్ కార్లలో ఇండికేటర్ సాధారణంగా కుడివైపే కాబట్టి మీట ఎడమవైపు పెట్టించడం నయం.

బిగించాక సీటును మీ కొలతకు జరిపి, స్టీరింగ్‌ను బాగా కిందికి దించి, మీటను పూర్తిగా నెట్టి చూడండి. మోకాలికి గానీ డ్యాష్‌బోర్డుకు గానీ తగిలితే బ్రేకు సగంలోనే ఆగిపోతుంది. దాన్ని అలాగే ఒప్పుకోవద్దు. లాగి వదిలితే యాక్సిలరేటర్ వెంటనే వెనక్కి రావాలి. రాకపోతే ముందు మ్యాట్ అడ్డుపడిందేమో చూడండి. పాదం పెడళ్ల మధ్యకు జారకుండా పెడల్ గార్డు తప్పనిసరి. ఇంట్లో ఇంకొకరు కాలితో నడిపితే విప్పగలిగే రకం తీసుకోండి. మీటను పెడళ్లకు కలిపే రాడ్ల క్లాంపు బోల్టులు వాడేకొద్దీ వదులవుతాయి. మొదటి వారంలో ఒకసారి, ఆ తర్వాత నెలనెలా బిగించి చూడాలి.

ఆర్‌టీఓ దగ్గర ఆర్‌సీలో ఈ మార్పు నమోదు చేయించి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేశాకే కారు రోడ్డెక్కించండి.