నాలుగడుగుల బాత్‌రూమ్‌లో గోడకు బిగించిన బేసిన్ కేబినెట్: నాలుగున్నరేళ్ల వాడకం తర్వాత

2021 జనవరిలో మా కూకట్‌పల్లి ఫ్లాట్‌లో కామన్ బాత్‌రూమ్ బేసిన్, దాని కింది కేబినెట్ మార్చాం. నీళ్లలో నానే వస్తువు సంగతి వారం, పది రోజుల్లో తేలదు. అందుకే నాలుగున్నరేళ్లు వాడి ఇప్పుడు రాస్తున్నాను.

పాతది ఫ్లాట్‌తో పాటే వచ్చింది. నేల మీద నిలబెట్టే రకం, పార్టికల్ బోర్డు, పైన తెల్ల లామినేట్. మన ఇళ్లలో బాత్‌రూమ్ పొడిగా ఎప్పుడుంటుంది? స్నానాలు అక్కడే, బట్టలు నానబెట్టేది అక్కడే, ఆదివారం చీపురుతో రుద్ది బకెట్లకొద్దీ నీళ్లు కొట్టేదీ అక్కడే. ఆ నీళ్లన్నీ దాని అడుక్కి చేరేవి. ఒకరోజు ఫినాయిల్ సీసా తీస్తుంటే అడుగు పలకలోకి వేలు దిగిపోయింది. నానిన అటుకుల్లా ఉంది బోర్డు. వెనకాల బొద్దింకలు గుడ్లు పెట్టాయి.

అయినా నన్ను ఎక్కువ బాధపెట్టింది అత్తయ్యగారి తుంటి మీద కమిలిన మచ్చ. గది వెడల్పు 48 అంగుళాలు, కేబినెట్ లోతు (గోడ నుంచి ముందుకి) 20. మిగిలిన 28 అంగుళాల సందులోంచి రాత్రిపూట వెళ్తూ ఆవిడ దాని మూల తగిలించుకునేవారు. ఎన్నాళ్లనుంచో ఏమో, ఒక్కసారీ చెప్పలేదు. అందుకే ఈసారి రంగూ డిజైనూ పక్కనపెట్టి ముందు టేపు పట్టుకున్నాను. పాత అట్టపెట్టెను 14 అంగుళాల లోతుకి కోసి, బేసిన్ ఎత్తులో గోడకు అంటించి చూస్తే గానీ ఎంత చోటు కలిసొస్తుందో అందరికీ అర్థం కాలేదు.

చివరికి రాణిగంజ్‌లో 18 ఎం.ఎం. పీవీసీ బోర్డుతో చేసిన, గోడకు బిగించే కేబినెట్ తీసుకున్నాం. వెడల్పు 24 అంగుళాలు, లోతు 14, పైన ఒకే ముక్కగా సిరామిక్ బేసిన్. రెండూ కలిపి 11,500 రూపాయలు. ప్లంబర్‌కి, సామానుకి ఇంకో 3,200. డ్రాయర్ ఉన్నది వద్దన్నాను. బాటిల్ ట్రాప్ (బేసిన్ కింద నీళ్లు పోయే దారిలో ఉండే సీసాలాంటి భాగం) కోసం మధ్యలో కోసేస్తే ఇక డ్రాయర్‌లో దువ్వెన కూడా సరిగ్గా పట్టదు.

బిగించేటప్పుడు ప్లంబర్ ముందుగా గోడ తట్టి చూశాడు. "ఎర్ర ఇటుకే అమ్మా, బోల్టు మంచిగ పట్టుకుంటది" అన్నాడు. మీది కొత్త అపార్ట్‌మెంటై తేలిక బ్లాకుల గోడైతే ఈ మాట తప్పకుండా అడగండి, వాటికి వేరే రకం యాంకర్లు కావాలి. బేసిన్ బరువంతా ఆ బోల్టుల మీదే ఉంటుంది. పాత యాంగిల్ వాల్వులు, అంటే బేసిన్‌కి వచ్చే నీళ్లు ఆపే చిన్న కుళాయిలు, ఉంచేద్దామన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు. మా బోరు నీళ్లకు లోపల సున్నం పేరుకుని అవి తిరగడమే మానేశాయి. రేపు పైపు లీకైతే ఇంటి మొత్తానికీ నీళ్లు ఆపాల్సొస్తుంది. కేబినెట్ వెనక పలక కూడా వాల్వుల దగ్గర చెయ్యి పట్టేంత కోయించాను.

కేబినెట్‌కి, నేలకి మధ్య 11 అంగుళాల ఖాళీ వదిలాం. ఈ మార్పులో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ ఖాళీయే. వైపర్ గోడ దాకా వెళ్తుంది. కింద తడి నిలవదు, వాసన లేదు, బొద్దింకలు లేవు. బోర్డు ఇప్పటికీ ఎక్కడా ఉబ్బలేదు. పోయిన వర్షాకాలం బాటిల్ ట్రాప్ వాషర్ పోయి, ఊరెళ్లి వచ్చేసరికి లోపల అరంగుళం నీళ్లు నిలిచి ఉన్నాయి. గుడ్డతో తుడిచి తలుపులు తీసి ఉంచాను, అంతే.

లోపాలూ ఉన్నాయి. పీవీసీ బోర్డులో స్క్రూ చెక్కలో పట్టినట్టు పట్టదు. రెండున్నరేళ్లకి కుడి తలుపు వేలాడింది. హింజులు తుప్పుపట్టాయి, అదే రంధ్రంలో మళ్లీ బిగిస్తే స్క్రూ ఊరికే తిరుగుతోంది. కార్పెంటర్ స్టీలు హింజులు తెచ్చి, బోర్డుకి ఇటునుంచి అటు రంధ్రం వేసి సన్నని బోల్టు, వాషర్, నట్టు బిగించాడు. బయటికి నట్లు కనిపిస్తాయి, కానీ ఆ తలుపు మళ్లీ కదల్లేదు. ఇంకోటి, బేసిన్ గోడ నుంచి ముందుకి వచ్చేది తక్కువ కాబట్టి ముఖం కడిగితే చొక్కా తడుస్తుంది. పొట్టి కుళాయి పెట్టాక కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. మా ఆయనకి ఇప్పటికీ అదే ఫిర్యాదు. కిటికీ వైపు తెల్లరంగు కాస్త పసుపు తిరిగింది.

అత్తయ్యగారు ఇప్పుడు ఆ సందులో ఒక చెయ్యి బేసిన్ అంచు మీద ఆనించి నిదానంగా నడుస్తారు. దసరా తర్వాత బెడ్‌రూమ్ బాత్‌రూమ్‌లోనూ ఇదే కొలతతో పెట్టిస్తున్నాం. ఈసారి హింజులకి మొదటిరోజే బోల్టులు వేయిస్తాను.